తేలని నూనె

చచ్చిపోయిన సవితితో కాపురం ఎంత కష్టమో అప్పలకొండమ్మని అడగాలి. బతికున్న సవితయితే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు, వీధిలోకి లాగి నాలుగూ దులిపెయ్యొచ్చు, కనీసం దాని ముక్కు వంకరో పన్ను ఎత్తో చూసి తృప్తి పడొచ్చు. ఈ సవితి కాసులమ్మకి ఫోటో కూడా లేదు. ఆవిడనీ, ఆవిడ ఇంటినీ, పెళ్లినాటి ట్రంకు పెట్టెనీ, దూరపు దీవిలో హట్‌బే జెట్టీ పక్కనున్న దుకాణాన్నీ ఒక్క పొద్దుటే సునామీ పట్టుకుపోయింది. మిగిలింది మొగుడు సూరయ్య, వాడి చంకలో మూడేళ్ల పద్మిని. ఫోటో లేని మనిషి ఎంత అందగత్తె అయినా అయివుండొచ్చు. కొండమ్మ కడుపుమంటకి మొదటి కారణం అదే.

కొండమ్మ పుట్టిందీ పెరిగిందీ పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లోనే. తండ్రి ఎప్పుడో శ్రీకాకుళం వైపు నించి వచ్చి ఉండిపోయిన మనిషి. ఆయన పోయాక తమ్ముళ్లని పెంచే బాధ్యత నెత్తిన పడి, చేపల రేవు దగ్గర టిఫిను బండి పెట్టింది. పూరీ, వడ, బజ్జీ. ఆ చేతి వేపుడు తినడానికి ఓడ పనివాళ్లు ఎక్కడెక్కడినించో వచ్చి, దీదీ, ఇంకో రెండు వడలూ అంటూ నిలబడేవాళ్లు. తమ్ముళ్లు పెద్దవాళ్లై ఎవరి దారిన వాళ్లు పోయేసరికి కొండమ్మకి ముప్పై దాటింది. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

సునామీ తర్వాత ఓ బడిలో శిబిరం పెడితే, పూరీలు వేపడానికి కొండమ్మ వెళ్లింది. హట్‌బే నించి కట్టుబట్టలతో ఓడ దిగినవాళ్లు వరసలో నిలబడేవాళ్లు. అందులో సూరయ్య చంకలో పిల్ల మాత్రం నోరు తెరిచేది కాదు. ఎవరు పెట్టినా తల తిప్పేసేది. కొండమ్మ బాండీ దగ్గర్నించి లేచి వచ్చి, వేడి పూరీలో పంచదార చుట్టి నోటి దగ్గర పెట్టింది. పిల్ల కొరికింది. మర్నాడు కూడా ఆ పూరీకే, ఆ చేతికే నోరు తెరిచింది. ఏడాది తిరిగేసరికి సూరయ్య వచ్చి, బండి పక్కన నించుని, నేల చూపులు చూస్తూ, పిల్లకి నువ్వు అలవాటైపోయావు కొండమ్మా అన్నాడు. పెళ్లి అడగడమంటే ఆ మనిషికి అంతే వచ్చు. అది చాలు అనుకుంది కొండమ్మ.

చాలలేదు. పెళ్లయిన కొత్తలో మొదటిసారి చేపల పులుసు పెట్టిన రోజు సూరయ్య తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుంటూ ఒక్క ముక్క అన్నాడు. "బాగుంది. కాసులమ్మ పులుసు వేరేగా ఉండేది."

వేరేగా అంటే ఎలగా? ఆ మాట అడగడానికి కొండమ్మకి అభిమానం అడ్డొచ్చింది. ఇంకా కమ్మగా ఉండేదేమో, ఇంకా ఘాటుగా ఉండేదేమో, పైన నూనె ఇంకా మెండుగా తేలేదేమో అని తనకి తనే తేల్చుకుంది. ఆనాటినించి పులుసులో నూనె పెరుగుతూ పోయింది. ఉల్లిముద్దని నూనెలో ఎర్రగా వేపి, చేపముక్కని వేరే నూనెలో వేపి, దించేముందు మళ్లీ పైన కాచిన నూనె. గిన్నె మూత తీస్తే ఎర్రటి నూనె వేలు మందాన నిలిచేది. సూరయ్య మళ్లీ ఎప్పుడూ కాసులమ్మ పేరు ఎత్తలేదు. అణిచేశాను దాన్ని అనుకుంది కొండమ్మ. పన్నెండేళ్లు అలాగే అనుకుంది. సూరయ్యకి బొజ్జ వచ్చింది, మెడ దగ్గర మడతలు వచ్చాయి, అవన్నీ తన గెలుపు గుర్తుల్లా చూసుకుని మురిసిపోయేది.

సూరయ్యకి ఇప్పుడు రేవు దగ్గరే వలలూ తాళ్లూ గేలాలూ అమ్మే దుకాణం ఉంది. రెండు వేల పద్దెనిమిదిలో, వానలు మొదలయ్యే రోజుల్లో, తాళ్ల చుట్ట ఎత్తబోయి గుండె పట్టుకుని కూలబడ్డాడు. పక్క దుకాణంవాళ్లు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికి బయటపడ్డాడు గానీ, రక్తంలో కొవ్వు, లివర్‌లో కొవ్వు, గుండె దారుల్లో కొవ్వు. బెంగాలీ డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారని హిందీలో అడిగింది. కొండమ్మ గర్వంగా నేనేనంది. ఆ డాక్టరమ్మ చూసిన చూపు కొండమ్మ ఈ జన్మలో మర్చిపోదు.

"నూనె మానెయ్యాలి నాన్నా, బస్," అంది పద్మిని ఇంటికి రాగానే. ఆ పిల్ల అప్పటికి ప్లస్ టూ చదువుతోంది. తండ్రి మంచమ్మీద పడివున్న రాత్రులు వెక్కి వెక్కి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఇంటి పెత్తనం తీసేసుకుంది. బాండీ అటక ఎక్కింది. నూనె డబ్బా పద్మిని గదిలోకి పోయింది. పొద్దున ఓ చిన్న చెంచాతో కొలిచి గిన్నెలో పోసి, ఇదమ్మా ఈ రోజుకి, అని ఇచ్చి స్కూలుకి పోయేది. బండి మీద డబ్బాలకి డబ్బాలు కాచిన మనిషికి చెంచాడు నూనె. కొండమ్మ ఆ గిన్నె వైపు చూసి, దీంతో నా మొహం రాసుకోనా, వండనా అని గొణుక్కునేది.

సూరయ్య మాత్రం బుద్ధిగా తినేవాడు. ఉడకబెట్టిన బీరకాయ, ఉప్పు తక్కువ పప్పు, ఆవిరి మీద ఇడ్లీ. ముద్ద మింగలేక నీళ్లు తాగేవాడు. అయినా తినేవాడు. కూతురు పెళ్లి చూడాలి కదా అనేవాడు. రేవు నించి పాత స్కూలు దాకా పొద్దున్నే నడిచొచ్చేవాడు. ఆ తాపత్రయం చూస్తే కొండమ్మకి జాలేసేది. తన చేతి వంట తినలేని మొగుడికి తను ఇంక ఎందుకు అని ఏడుపూ వచ్చేది.

ఓ ఆదివారం ఏడుపు కాస్తా కోపంగా మారింది. మంచి సూర్మై చేప వచ్చింది రేవులోకి. వేపకుండా, ముక్క కనీసం కాస్త ఎర్రబడకుండా పులుసెలా పెడతారు? ఈ ఇంట్లో వంటంటే ఇంతే కదా, మీ ఖర్మ, అనుకుని చింతపండు రసం, పచ్చి ఉల్లిపాయలు నలిపి, మిరపకాయలు చీరి, కరివేపాకు, పసుపు, ఉప్పు, కారం, చేపముక్కలు అన్నీ ఒకేసారి చల్లటి గిన్నెలో పడేసి పొయ్యి మీద పెట్టింది. చెంచాడు నూనె కూడా వెయ్యలేదు. తినండి, గడ్డి తినండి, అని వడ్డించింది.

సూరయ్య ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు. కొండమ్మ బాగాలేదనుకుని ఎంత సంతోషించిందో. కానీ సూరయ్య కళ్లలో నీళ్లు నిండాయి. అన్నం మారు వేయించుకున్నాడు. ఆసుపత్రి నించి వచ్చాక మారు అన్నం అడగడం అదే మొదలు.

"ఏటుంది దాంట్లో?" అంది కొండమ్మ.

సూరయ్య అమాయకుడు. అబద్ధం ఆడాలన్న ఆలోచన వాడికి అప్పట్లో లేదు. "కాసులమ్మ ఇలగే సేసేది," అన్నాడు. "అక్కడ నూనె కావాలంటే మెయిన్‌లాండ్ నించి ఇక్కడికీ, ఇక్కణ్నించి హట్‌బేకీ ఓడ రావాలి. ఓడ ఎప్పుడొస్తుందో దేవుడికే తెల్సు. అలగని పులుసు మానేస్తామా? అన్నీ కలిపి పొయ్యి మీద పెట్టీసేది."

వేరేగా అంటే ఇదన్న మాట. తను పన్నెండేళ్లపాటు నూనె మీద నూనె పోసి ఎవరితో పందెం కాసిందో ఆ మనిషి నూనే వాడలేదు. ఆ పోసిన నూనెంతా మొగుడి గుండెకి పోయింది. ఇప్పుడు డాక్టరమ్మ చీటీ రాసిచ్చి మరీ కాసులమ్మని పళ్లెంలోకి తీసుకొచ్చి కూచోబెట్టింది. ఆ తీసుకురావడం కూడా ఎవరి చేత్తో? తన చేత్తో.

అదైనా ఓర్చుకునేదేమో. ఆ పక్కనే పద్మిని వేళ్లు నాకుతూ, "అమ్మా, ఇది నేను ముందెప్పుడో తిన్నట్టుంది. ఎక్కడ తిన్నానో గుర్తు రావట్లేదు," అంది.

మొగుడు పాత పెళ్లాన్ని తలుచుకుంటే తలుచుకున్నాడు, మగబుద్ధి. కానీ పద్మిని తన పిల్ల. పూరీ పంచదారతో గెలుచుకున్న పిల్ల. జ్వరం వస్తే తన పొట్ట మీద పడుకోబెట్టుకుని పెంచిన పిల్ల. దాని నాలిక మీద కూడా ఆవిడ కూచునుంది. కొండమ్మ పళ్లెం ముందు నించి లేచి పెరట్లోకి పోయింది.

అప్పట్నించి ఇంట్లో వారానికి మూడు పూటలు ఆ పులుసే. డాక్టరమ్మ చెప్పిన దానికి సరిగ్గా సరిపోయే కూర దొరికిందని పద్మిని ఎగిరి గంతేసింది. సూరయ్యకి నోరు విచ్చుకుంది. పన్నెండేళ్లు ఎత్తని పేరు ఇప్పుడు ముద్ద ముద్దకీ ఎత్తేవాడు. కాసులమ్మ వానలో తడుస్తూ వండేది. కాసులమ్మ చేపతల తనకని దాచుకునేది. కాసులమ్మకి ఈల వెయ్యడం వచ్చు. పద్మిని దవడ మీద చెయ్యి పెట్టుకుని వినేది, అచ్చా, ఇంకా చెప్పు నాన్నా అనేది. ఆ పిల్లకి కన్నతల్లి ఎలా ఉండేదో తెలుసుకోవాలని ఉండదా మరి. ఆ న్యాయం కొండమ్మకీ తెలుసు. తెలిసిన కొద్దీ ఇంకా మండేది. పులుసు పెట్టిన రోజల్లా పళ్లాలు వడ్డించేసి, తలనొప్పి అని పెరట్లోకి పోయి కూచునేది. లోపలినించి నవ్వులు వినపడేవి.

సూరయ్య బొజ్జ తగ్గింది, రక్తపరీక్షలో కొవ్వూ తగ్గింది. మొహంలో కళ వచ్చింది. రేవులో అందరూ, సూరయ్య భయ్యా, వయసు వెనక్కి పోతోందే అనేవాళ్లు. ఎవరికోసం పోతోందో కొండమ్మకి తెలుసు. చేపలు కొనడానికి పోయినప్పుడు నీళ్ల వైపు తిరిగి మనసులో అనుకునేది. ఏమక్కా, అంత పెద్ద సముద్రంలో నీకు చోటు చాలలేదేటి, నా వంటింట్లోకే రావాలా.

టిఫిను బండి మీద బతికిన మనిషికి నూనె దాచడం ఓ విద్య. పూరీ కూరలో నూనె తేలితే కొందరు గిరాకీలు మొహం తిప్పుకుంటారు, నూనె తగ్గిస్తే రుచి పోతుంది. అందుకని వేపిన ఉల్లిముద్దలో పుట్నాలపొడి కలిపి మెత్తగా నూరతారు. ఆ పొడి నూనెని పట్టేసుకుంటుంది, పైకి తేలనివ్వదు. కొండమ్మ, పద్మిని స్కూలుకి పోయాక, సొంతంగా నూనె ప్యాకెట్టు కొని బియ్యం డబ్బాలో దాచింది. అటక మీంచి బాండీ దించింది. ఉల్లి ఎర్రగా వేగుతూంటే వచ్చిన వాసనకి ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు పులుసు చూడ్డానికి పల్చగా, నీరసంగా, డాక్టరమ్మకి నచ్చేలా ఉంది. కొండమ్మ పెరట్లోకి పోలేదు. సూరయ్యకి ఎదురుగా పీట వేసుకు కూచుంది. వాడు ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, తల ఎత్తి ఆవిడ వైపు చూశాడు.

"ఎలగుంది?" అంది కొండమ్మ.

"బాగుంది," అన్నాడు సూరయ్య. "ఇది నీ సెయ్యి."

అంతే. ఆ పూట కాసులమ్మ పేరు రాలేదు. మర్నాడూ రాలేదు. పద్మిని కూడా, ఈ మధ్య పులుసు మారింది, భలే ఉందమ్మా అని పళ్లెం ఖాళీ చేసింది. కొండమ్మ రోజూ ఎదురుగా కూచుని, మొగుడు తింటుంటే మొహం చూస్తూ, ఇంకో ముక్క వేసుకో అని కొసరి వడ్డించేది. మిగిలిన వానాకాలం అంతా ఆవిడ కాపురం కొత్త పెళ్లికూతురి కాపురంలా సాగింది. భయం వెయ్యలేదా అంటే వేసింది. ఇంత కాస్త నూనెకి ఏమవుతుందిలే, ఇన్నేళ్లు తాగినంత తాగాడు, అని సర్దుకుంది. కుళ్లు పుట్టిన కడుపుకి లెక్కలు అలాగే కనపడతాయి.

మళ్లీ రక్తం తీయించుకునే రోజు వచ్చింది. ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ కొత్త కాగితం చూసి, పాత కాగితాలు రెండూ తీసి, మూడూ పక్కపక్కన పెట్టింది. మధ్యలో బాగా తగ్గిందనీ, మళ్లీ ఎగబాకిందనీ చెప్పింది. మొదటికంటే ఎక్కువగా ఉందని చెప్పింది. కళ్లజోడు తీసి, "భాయీసాబ్, మీరు దొంగతనంగా బయట తింటున్నారు. ఇలాగైతే నేను మందులు రాయడం దండగ. ఈసారి కూలబడితే నా దగ్గరికి తీసుకురావడానికి టైము కూడా ఉండదు," అని హిందీలో కడిగేసింది.

"లేదు మేడమ్, నాన్న ఇంటి తిండే తింటారు. మా అమ్మ చుక్క నూనె వెయ్యదు," అంది పద్మిని.

అది నిజం కాదని కొండమ్మకి తెలుసు. నోరు తెరవాలి. తెరిస్తే పద్మిని చూస్తుంది. ఆ పిల్ల కళ్లలోకి చూడ్డం ఆవిడ వల్ల కాలేదు. ఇంతలో సూరయ్య బల్ల మీద చేతులు పెట్టుకుని, తప్పు ఒప్పుకున్న దొంగలా తల వంచుకుని, "గల్తీ హో గయా మేడమ్," అన్నాడు. "రేవు దగ్గర బజ్జీలు తింటున్నాను. రోజూ."

పద్మిని తండ్రి వైపు చూసిన చూపుకి డాక్టరమ్మే మొహం తిప్పుకుంది. "అమ్మ అంత కష్టపడి వండుతుంటే?" అంది ఆ పిల్ల. "కన్నతల్లి ఎలాగూ పోయింది, నువ్వూ పోతే నేనేం చెయ్యను నాన్నా? ఒక్క బజ్జీ కోసమా?" అని గదిలోంచి లేచి వెళ్లిపోయింది. ఇంటికొచ్చి తన గదిలోకి పోయి తలుపేసుకుంది.

సూరయ్య వాకిట్లో చెప్పులు విప్పుతున్నాడు. కొండమ్మ అక్కడే పట్టుకుంది.

"నీకు తెల్సా?"

"ఏటి?"

"నూనె సంగతి."

"ఇన్నేళ్లు నీ సేతి కూడు తిన్నాను. నాలిక్కి తెలీదేటి," అన్నాడు సూరయ్య. "మొదటి ముద్దకే తెల్సింది."

"మరెందుకు తిన్నావు? సచ్చిపోదామనా?"

సూరయ్య చెప్పులు గోడ వారగా సర్దాడు. "ఆ పులుసు పెట్టిన రోజు నువ్వు పెరట్లోకి పోయేదానివి కొండమ్మా. ఇది పెట్టిన రోజు నా ఎదురుగా కూకునేదానివి. అందుకని తిన్నాను," అన్నాడు. "నాకు అప్పుడు బుద్ధి లేక ఆవిడ కబుర్లన్నీ సెప్పీసినాను. నువ్వు లేచిపోతన్నావని ఆలస్యంగా సూసుకున్నాను."

కొండమ్మకి వాడిని చెంపమీద కొట్టాలనిపించింది. ఇన్నాళ్లూ ఒక చచ్చిన మనిషి మీద పందెం గెలవడానికి బతికున్న మనిషిని పణం పెట్టింది. వాడు ఆ సంగతి తెలిసే, ముద్ద ముద్దా కలుపుకుని, బాగుంది అంటూ మింగాడు. ఇప్పుడు కూతురి దగ్గర దొంగ అనిపించుకుని నిలబడ్డాడు.

పద్మిని గది తలుపు కొట్టింది. తలుపు తీసిన పిల్లతో, "మీ నాన్న బజ్జీలు తినలేదు. నూనె నేనేశాను, పులుసులో, తేలకుండా. ప్యాకెట్టు బియ్యం డబ్బాలో ఉంది," అంది ఒక్క ఊపిరిలో.

పద్మిని అర్థం కానట్టు చూసింది. "ఎందుకు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నాన్న నీరసించిపోతున్నాడనొచ్చు. కొండమ్మ అలా అనలేదు. "మీ అమ్మంటే నాకు కుళ్లు," అంది. "దాని వంట నీకు గుర్తొస్తందన్నావు. ఓర్చుకోలేకపోయాను."

పద్మిని ఏడవలేదు, అరవలేదు. కొండమ్మ పక్కనించి వంటింట్లోకి నడిచి, బియ్యం డబ్బా మూత తీసి, లోపలికి చెయ్యి పెట్టి నూనె ప్యాకెట్టు బయటికి తీసింది. అది తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ రోజంతా అమ్మా అని పిలవలేదు. నీళ్లు కావాలన్నా తనే లేచి ముంచుకుంది. కొండమ్మ ఎన్ని సునామీలైనా చూస్తాను గానీ ఆ ఒక్క రోజు మళ్లీ వద్దు దేవుడా అనుకుంది.

మర్నాడు పొద్దున రేవుకి పోయి సూర్మై తెచ్చింది. దుకాణానికి బయల్దేరుతున్న సూరయ్యని వంటింట్లోకి పిలిచి పీట మీద కూచోబెట్టింది. "సెప్పు, ఆవిడ ఎలగ సేసేదో మొత్తం సెప్పు," అంది.

"వద్దులే కొండమ్మా, బీరకాయ వండు."

"నేనడిగింది సెప్పు. చింతపండు ముందా, ఉల్లి ముందా?"

సూరయ్య గుమ్మం వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. ఉల్లిపాయ కొయ్యదు, రాయి మీద నలుపుతుంది. కారంతోపాటు మిరియాలు కాస్త దంచి వేస్తుంది. పొయ్యి మీద పెట్టాక గరిటె పెట్టదు, గిన్నెనే పట్టుకుని తిప్పుతుంది, ముక్క విరక్కుండా. కొండమ్మ పళ్లు బిగించుకుని ఒక్కొక్కటీ అలాగే చేసింది. ఉల్లి నలుపుతున్నప్పుడు ఆ రాయి కింద ఎవరున్నారనుకుందో మనం అడక్కూడదు.

మధ్యాహ్నం ముగ్గురూ కూచున్నారు. పద్మిని గిన్నె మూత తీసి, గరిటెతో అడుగు దాకా కలిపి చూసింది. పులుసుని రెండు వేళ్ల మధ్య రాసుకుని జిడ్డు ఉందేమో చూసింది. ఆ పరీక్ష కొండమ్మ భరించింది. అప్పుడు పద్మిని తండ్రికి వడ్డించి, తనకి వడ్డించుకుని, మూడో పళ్లెం తీసి కొండమ్మ ముందు పెట్టింది.

"నాకొద్దు," అంది కొండమ్మ. లేవబోయింది.

"కూచో అమ్మా," అంది పద్మిని. పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

కొండమ్మ కూచుంది. ఇన్ని నెలలుగా వండుతూ ఆ పులుసు ఒక్కసారి కూడా నోట పెట్టుకోలేదన్న సంగతి అప్పుడే తోచింది. ఉప్పు కూడా పద్మిని చేతే చూపించేది. అన్నంలో కాస్త కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. సూరయ్య తినడం మానేసి ఆవిడ మొహం చూస్తున్నాడు.

బాగుంది. పులుపు, కారం, చేప రుచి దేనికది తెలుస్తూ, నోటికి బరువు లేకుండా, ఎంతో బాగుంది. ఎంత బాగుందంటే కాసులమ్మ మీద కొండమ్మకి ఒళ్లంతా మండిపోయింది. గిన్నె తన వైపు లాక్కుని ఇంకో గరిటెడు వేసుకుంది.